మెతుకు పట్టి చూడటం

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నె అంతా కలియబెట్టక్కర్లేదు. గరిటె కొసతో నాలుగు మెతుకులు తీసి, ఒకటి వేళ్ల మధ్య నొక్కి చూస్తే చాలు. పండితులు దీనికి స్థాలీపులాక న్యాయమని పెద్ద పేరు పెట్టారు గాని, ఆ న్యాయాన్ని కనిపెట్టింది ఏ పండితుడూ అయివుండడు. పొయ్యి ముందు కూచున్న ఏ ఇల్లాలో అయివుంటుంది.

ప్రపంచంలో పరీక్షలన్నీ ఈ న్యాయం మీదే నడుస్తున్నాయి. ఏడాది పొడుగునా చదివిన చదువుని మూడు గంటల్లో, కాసిని ప్రశ్నల్లో పట్టి చూస్తారు. లెక్కలకీ భూగోళానికీ అది ఎలాగో సరిపోతుందనుకోండి. మరి భాషకో? "మా కోడలికి తమిళం వచ్చండీ" అంటాం. వచ్చంటే ఎంత వచ్చు? కూరల బండివాడితో బేరమాడేంత వచ్చా? తమిళ వారపత్రికలో సీరియలు చదువుకునేంత వచ్చా? పక్కింటావిడ వచ్చి కష్టం చెప్పుకుంటే ఓదార్చేంత వచ్చా? మూడూ తమిళమే. ఒకటి వచ్చినవాళ్లకి రెండోది వచ్చి తీరాలని లేదు.

ఈ చిక్కు ప్రశ్నకి జపానువాళ్లు 1984లో ఒక జవాబు తయారు చేశారు. దాని పేరు "నిహోంగో నోర్యోకు షికెన్". నిహోంగో అంటే జపాను భాష, నోర్యోకు అంటే సామర్థ్యం, షికెన్ అంటే పరీక్ష. జపాను భాష మాతృభాష కానివాళ్లకి, ఏ దేశంలో కూచుని రాసినా ఒకే రకంగా పెట్టే పరీక్ష. మొదటి ఏడాది రాసినవాళ్లు ఏడు వేలమంది. 2019 నాటికి ఆ సంఖ్య ఏడాదికి పదకొండు లక్షలు దాటింది. ఇంతమంది నొసటి రాత ఒక పరీక్ష మీద ఆధారపడినప్పుడు, ఆ మెతుకు ఎవరు పట్టి చూస్తున్నారు, ఎలా చూస్తున్నారు, గిన్నెలో మిగిలిన అన్నం సంగతేమిటి అని అడగడం తప్పు కాదు కదా!

అసలు పరీక్ష లేని రోజుల్లో కూడా పరదేశులు జపాను భాష నేర్చుకోకపోలేదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల వెంట క్రైస్తవ మతబోధకులు జపాను చేరారు. వాళ్లలో జోవావ్ రోద్రిగెజ్ అనే ఆయన కుర్రతనంలోనే వెళ్లి, భాష ఎంత బాగా పట్టుకున్నాడంటే, ఆ దేశాన్ని ఏలిన హిదెయోషికే దుబాసీ అయ్యాడు. 1603లో నాగసాకిలో ఆ మతబోధకులు ముప్ఫైరెండు వేలకు పైగా మాటలతో జపాను - పోర్చుగీసు నిఘంటువు అచ్చువేశారు. నాలుగు వందల ఏళ్ల కిందట జపానువాళ్లు ఏ మాట ఎలా పలికేవారో తెలుసుకోవాలంటే ఇవాళ జపాను పండితులు కూడా ఆ పుస్తకమే తిరగేస్తారు. పరదేశి రాసుకున్న నోటుపుస్తకం ఇంటివాళ్లకి ఆధారమైందన్నమాట.

తరవాత కథ అడ్డం తిరిగింది. మతబోధకుల్ని వెళ్లగొట్టారు. 1641 నుంచి రెండు వందల ఏళ్లకు పైగా పడమటి దేశాలవాళ్లలో ఒక్క డచ్చివాళ్లకే, అదీ నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న దీవిలో, ఉండటానికి అనుమతి. వాళ్లు భాష నేర్చుకోవడం దొరలకి ఇష్టం లేదు. జపాను దుబాసీ కుటుంబాలే తరతరాలుగా డచ్చి భాష నేర్చుకుని పని జరిపేవి. భాష తెలిస్తే ఇంటిగుట్టు తెలుస్తుందని భయం! మళ్లీ తలుపులు తెరుచుకున్నాక, 1859లో హెప్‌బర్న్ అనే అమెరికా వైద్యుడు వచ్చి, రోగుల్ని చూస్తూనే మాటలు పోగుచేసి 1867లో జపాను - ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు.

వీళ్లెవరికీ మార్కులు వేసినవాళ్లు లేరు. చెప్పింది ఎదటివాడికి అర్థమైతే పాసు, కాకపోతే ఫెయిలు. కాని ప్రభుత్వాలు నౌకర్లని పెట్టుకోవలసి వచ్చేసరికి అలా కుదరదు. మన తెలుగు సంగతే చూడండి. బ్రౌను దొర 1817లో మద్రాసులో దిగి, కంపెనీవారి కోట కాలేజీలో తెలుగు నేర్చుకుని పరీక్ష ఇచ్చాకే 1820లో కడపకి ఉద్యోగానికొచ్చాడు. మన భాషకి అంత సేవ చేసిన మనిషి కూడా పరీక్ష గట్టెక్కే వచ్చాడు. అంచేత పరదేశులకి భాషాపరీక్ష పెట్టడం కొత్త సంగతేం కాదు. దాన్ని దేశదేశాలకీ ఒకే తూకంతో పెట్టడం కొత్త.

ఆ తూకం గురించి చెప్పేముందు జపాను రాత గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. మనకి అక్షరాలు ఏభై ఆరని పెద్దబాలశిక్ష చెబుతుంది. వాళ్లకి మూడు రకాల రాతలున్నాయి. ఒకటి చైనా నుంచి అరువు తెచ్చుకున్న కాంజీ. అవి అక్షరాలు కావు, ఒక్కో గుర్తు ఒక్కో మాట. పత్రిక చదవాలంటే రెండు వేల గుర్తులైనా తెలియాలి. గుర్తు తెలిస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. "మనిషి" అనే గుర్తు ఒంటరిగా ఉంటే "హితో" అని చదవాలి. "ఇందోజిన్", అంటే భారతీయుడు, అన్నప్పుడు అదే గుర్తు "జిన్" అవుతుంది. "సన్‌నిన్", అంటే ముగ్గురు, అన్నప్పుడు "నిన్" అవుతుంది. ఒకే మనిషికి పుట్టింట్లో ఒక పేరు, అత్తారింట్లో ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు ఉన్నట్టు!

రెండోది హిరగానా. కాంజీ గుర్తుల్ని గొలుసుకట్టుగా రాసీ రాసీ సన్నబడి మిగిలిన నలభైఆరు అక్షరాలు. మూడోది కతకానా. అది ఇప్పుడు ఎక్కువగా పరాయి మాటలు రాయడానికి పనికొస్తుంది. ఈ మూడింట్లోనూ హిరగానా కథ మన ఆడవాళ్లు తప్పక వినాలి. వెయ్యేళ్ల కిందట కాంజీతో చదవడం, రాయడం మగవాళ్ల విద్య, కొలువు విద్య. హిరగానాని "ఒన్నదె" అనేవారు. అంటే ఆడవాళ్ల చేతిరాత అని. పదకొండో శతాబ్దం మొదట్లో మురసాకి షికిబు అనే ఆవిడ ఆ ఆడరాతలోనే గెంజి కథ రాసింది. ప్రపంచంలో తొలి నవలల్లో ఒకటని ఇవాళ దాన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు. ఆవిడ తన దినచర్యలో ఒక సంగతి రాసుకుంది. తండ్రి తన అన్నదమ్ముడికి చైనా గ్రంథాలు చెబుతుంటే పక్కన కూచుని విని, వాడికన్నా ముందే పట్టేసేదట. తండ్రి మురవడానికి బదులు, ఇది మగపిల్లాడై పుట్టివుంటే ఎంత బావుండేదని నిట్టూర్చాడట. నలుగురూ ఏమనుకుంటారోనని పెద్దయ్యాక ఆవిడ, "ఒకటి" అని సూచించే అడ్డగీత లాంటి కాంజీ కూడా తనకి తెలియనట్టు నటించేదట! ఈ ఆడరాతని గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

ఇక పరీక్ష దగ్గరికొద్దాం. రెండో ప్రపంచయుద్ధంలో చితికిపోయిన జపాను ముప్ఫై ఏళ్లలో లేచి నిలబడి, కార్లూ రేడియోలూ దేశదేశాలకీ అమ్మడం మొదలుపెట్టింది. సరుకు వెళ్లినచోటికి భాష కూడా వెళ్లాలి కదా. 1972లో జపాను ఫౌండేషను అనే సంస్థ పుట్టింది. తమ భాషనీ సంస్కృతినీ పరదేశాలకి చెప్పడం దాని పని. 1983లో ప్రధాని నకసొనె ప్రభుత్వం, ఇరవయ్యొకటో శతాబ్దం వచ్చేసరికి లక్షమంది విదేశీ విద్యార్థుల్ని తమ దేశానికి రప్పించాలని సంకల్పం చెప్పుకుంది. వచ్చేవాళ్లకి భాష ఎంత వచ్చో తేల్చేదెలా? ఒక్కో బడి ఒక్కో తూకం వేస్తే లాభం లేదు. అందుకని ఆ మరుసటి ఏడే ఈ పరీక్ష పెట్టారు. ఏటా డిసెంబరు మొదటి ఆదివారం.

నాలుగు తరగతులు. మన బడుల్లో ఒకటో తరగతి అంటే పలకా బలపం. అక్కడ తలకిందులు. నాలుగు అన్నిటికన్నా కింద, ఒకటి అన్నిటికన్నా పైన. నాలుగో తరగతికి నూట ఏభై గంటల చదువు, వంద కాంజీలు, ఎనిమిది వందల మాటలు. మూడుకి మూడు వందల గంటలు, మూడు వందల కాంజీలు, పదిహేను వందల మాటలు. రెండుకి ఆరు వందల గంటలు, వెయ్యి కాంజీలు, ఆరు వేల మాటలు. ఒకటికి తొమ్మిది వందల గంటలు, రెండు వేల కాంజీలు, పది వేల మాటలు. మొత్తం నాలుగు వందల మార్కులు. కింది మూడు తరగతులకీ నూటికి అరవై వస్తే పాసు, ఒకటికి డెబ్భై.

ఏం అడుగుతారంటారా? అక్షరాలూ మాటలూ ఒక భాగం, విని అర్థం చేసుకోవడం ఒక భాగం, చదవడమూ వ్యాకరణమూ ఒక భాగం. ప్రతి ప్రశ్నకీ జవాబులు వాళ్లే ఇస్తారు. సరైనదాని చుక్కని పెన్సిలుతో నింపడమే మన పని. దిద్దేది యంత్రం. అంచేత దిద్దేవాడి మూడు బాగా లేదనీ, మన చేతిరాత నచ్చలేదనీ మార్కు తగ్గడం ఉండదు. టోక్యోలో రాసినా మద్రాసులో రాసినా ఒకే న్యాయం. ఇది చిన్న విషయం కాదు.

ఒక మాట చెప్పాలి. ఈ పరీక్షలో చాలామందిని ఏడిపించే భాగం మన తెలుగువాళ్లని అంతగా ఏడిపించదు. జపాను వాక్యం మన వాక్యంలాగే నడుస్తుంది. క్రియ చివర వస్తుంది. మాట వెనక విభక్తి వచ్చి చేరుతుంది. "గక్కో ని ఇకిమసు" అంటే "బడికి వెళ్తాను". గక్కో బడి, ని అంటే మన "కి", ఇకిమసు వెళ్తాను. మాటకి మాట పేర్చేసుకోవచ్చు. ఇంగ్లీషువాడు ఇక్కడ తలకిందులుగా నడవాలి, మనం తిన్నగా నడిచిపోతాం. అలాగని ధీమాగా కూచుంటే కుదరదు. "ఉచి దె తబెరు" అంటే ఇంట్లో తింటాను, "హాషి దె తబెరు" అంటే పుల్లలతో తింటాను. మన "లో"కీ "తో"కీ కూడా వాళ్లకి ఒకటే "దె". ఇలాంటిచోటే ప్రశ్నపత్రంవాడు మాటు వేసి కూచుంటాడు.

మర్యాదల సంగతీ అంతే. తిను అనే మాటకి మామూలుగా "తబెరు". పెద్దవాళ్లు తింటే "మెషియగరు". అది మన "ఆరగించడం" లాంటిదనుకోండి. పెద్దవాళ్లు పెట్టింది మనం తింటే "ఇతదకు". ఎవరితో ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరి గురించి మాట్లాడుతున్నారో తెలియకుండా క్రియ వాడలేం. నువ్వు, మీరు, తమరు అంటూ పెరిగిన మనకి ఇదేం వింత కాదు. ఆడబిడ్డతో ఒకలా, అత్తగారితో ఒకలా మాట్లాడటం ఎవరైనా నేర్పాలా ఏమిటి!

సరే, పరీక్ష బాగానే నడిచింది. పాతికేళ్లు గడిచేసరికి అందులో లోటుపాట్లు బయటపడ్డాయి. బయటపెట్టింది ఎవరంటే, పరీక్ష రాసినవాళ్లే. ఇందాక చెప్పిన లెక్కలు మళ్లీ చూడండి. మూడో తరగతి నుంచి రెండుకి వెళ్లాలంటే కాంజీలు మూడు వందల నుంచి వెయ్యికి, మాటలు పదిహేను వందల నుంచి ఆరు వేలకి! మేడమెట్లలో మధ్యన రెండు మెట్లు లేనట్టు. మూడు పాసయి ఉత్సాహంగా కాలెత్తినవాళ్లు అక్కడే ఏళ్లతరబడి నిలబడిపోయేవారు. తప్పు వాళ్ల కాళ్లదా, మెట్లదా?

రెండో లోటు, మొత్తం మార్కులే చూడటం. చైనావాళ్లకి కాంజీ పుట్టుకతో వచ్చిన ఆస్తి. చదవడంలో మార్కులు దండుకుని, వినడంలో అంతంతమాత్రంగా ఉన్నా పాసైపోవచ్చు. ఇంకొకరికి చెవి బావుండి కన్ను నడవకపోవచ్చు. మూడో లోటు, ఏయే మాటలు, ఏయే కాంజీలు అడుగుతారో జాబితా పుస్తకంగా దొరికేది. ఇంకేం, మన పిల్లలు గైడ్లు బట్టీ పట్టినట్టే! పది వేల మాటలు నోటికొచ్చినవాళ్లు కూడా రైలు స్టేషన్లో దారి అడగడానికి నోరు పెగలక నిలబడేవారు.

2010లో పరీక్షని తిరగరాశారు. నాలుగు తరగతులు అయిదయ్యాయి. ఎన్-5 అన్నిటికన్నా కింద, ఎన్-1 అన్నిటికన్నా పైన. ఎన్ అంటే నిహోంగో, కొత్తది అనే ఇంగ్లీషు మాటకీ అదే మొదటి అక్షరం. పాత మూడుకీ రెండుకీ మధ్య లేని మెట్టు కట్టి దానికి ఎన్-3 అని పేరు పెట్టారు. మార్కులు నూట ఎనభై అయ్యాయి. ఎన్-1కి వంద, ఎన్-5కి ఎనభై వస్తే చాలు. కాని ఒక షరతు. మొత్తం వచ్చినా, ఒక్కో భాగంలో కనీస మార్కులు రాకపోతే ఫెయిలే. వినడానికి అరవైకి పందొమ్మిదైనా రావాలి. ఒంటికాలి మీద గెంతుతూ మేడ ఎక్కడం ఇక కుదరదు. మాటల జాబితా అచ్చువేయడం మానేశారు. ఒక ఏడు ప్రశ్నలు కష్టంగా, ఒక ఏడు తేలికగా వచ్చినా అభ్యర్థికి అన్యాయం జరక్కుండా మార్కుల్ని సరిచేసే లెక్క ఒకటి పెట్టారు. అంతకు ముందు ఏడే, 2009లో, జులైలో కూడా పరీక్ష పెట్టడం మొదలైంది. పాపం, డిసెంబరులో జ్వరం వస్తే ఏడాదంతా పోయే బాధ తప్పింది. 2020 జులైలో మాత్రం కరోనా వచ్చి ప్రపంచమంతటా ఆ విడత పరీక్షే రద్దయింది.

అన్నీ మార్చారు గాని ఒకటి మార్చలేదు. నోరు. ఈ పరీక్షలో ఎవరూ ఒక్కమాట కూడా మాట్లాడక్కర్లేదు, ఒక్క వాక్యం సొంతంగా రాయక్కర్లేదు. లక్షలమందిని ఎదురుగా కూచోబెట్టుకుని మాట్లాడించాలంటే ఎంతమంది పరీక్షకులు కావాలి, వాళ్లందరి తూకం ఒకటిగా ఉండేదెలా? యంత్రంతో దిద్దే న్యాయం కావాలంటే నోటిని వదులుకోవాలి. ఆ బేరం తెలిసే చేసుకున్నారు. విశ్వవిద్యాలయాల్లో చేరేవాళ్లకి 2002లో వేరే పరీక్ష పెట్టినప్పుడు అందులో చిన్న వ్యాసం రాయించడం చేర్చారు. పెద్ద పరీక్షలో మాత్రం నోరు మూసుకునే పాసవాలి.

భాష నేర్చుకునేది కథలు చదువుకోవడానికైతే ఇది పెద్ద లోటు కాదు. మరి బతుకుతెరువు కోసమైతే?

జపానులో ముసలివాళ్లు ఎక్కువ. నూటికి పాతికమందికి పైగా అరవై అయిదు దాటినవాళ్లే. వాళ్లని చూసుకునే చేతులు చాలక, ఒప్పందాలు చేసుకుని 2008లో ఇండోనీషియా నుంచి, 2009లో ఫిలిప్పీన్సు నుంచి నర్సుల్నీ, వృద్ధుల్ని చూసుకునే సంరక్షకుల్నీ రప్పించడం మొదలుపెట్టారు. 2008 ఆగస్టులో ఇండోనీషియా నుంచి మొదటి జట్టు దిగింది, రెండు వందల ఎనిమిదిమంది. నర్సులుగా వచ్చినవాళ్లు తమ దేశంలో చదివి, ఆస్పత్రుల్లో పనిచేసి వచ్చినవాళ్లే. కాని మూడేళ్లలోగా జపాను దేశపు నర్సుల పరీక్ష, జపాను భాషలో, పాసవాలి. లేకపోతే పెట్టె సర్దుకోవాలి.

ఇది భాషాపరీక్ష కాదు, వృత్తిపరీక్ష. కాని అడ్డు నిలిచింది భాషే. జపాను అభ్యర్థుల్లో నూటికి తొంభైమంది పాసయ్యే ఆ పరీక్షని 2009లో ఎనభైరెండుమంది ఇండోనీషియా నర్సులు రాశారు. ఒక్కరు కూడా పాసవలేదు. 2010లో రెండు దేశాలవాళ్లూ కలిపి రెండు వందల ఏభైనాలుగుమంది రాస్తే ముగ్గురు పాసయ్యారు. నాడి చూడటం రాకా? గాయం కడగటం రాకా? రోజూ చేస్తున్న పనేనాయె! ప్రశ్న చదవడం రాక.

అప్పుడు జపాను పత్రికల్లో పెద్ద చర్చ లేచింది. ఆ చర్చలో ఒక మాట పదే పదే వినిపించింది: "జొకుసో". మంచాన పడ్డ రోగికి ఒత్తిడికి వీపున పడే పుండు. మామూలు జనం దాన్ని "తొకొజురె" అంటారు. పక్క ఒరిపిడి అని అర్థం. రోగి ఆ మాటే అంటాడు, రోగి కూతురూ ఆ మాటే అంటుంది. పరీక్షలో మాత్రం జొకుసో, అదీ చదువుకున్న జపానువాళ్లే తడబడే కాంజీల్లో. ఆ పుండు పడకుండా రెండు గంటలకోసారి రోగిని పక్కకి తిప్పే అమ్మాయి ఆ రెండు గుర్తుల దగ్గర ఆగిపోయింది.

రెండోవైపు వాదన కూడా కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. మందుచీటీ తప్పు చదివితే ప్రాణం పోతుంది. డాక్టరు రాసింది నర్సు చదవలేకపోతే ఎలా? నిజమే. కాని రోగి మంచంపక్కన ఉండే కాగితం వేరు, పరీక్షహాల్లో కావాలని మెలిపెట్టిన వాక్యం వేరు. ఆ రెంటినీ విడదియ్యడానికి ప్రభుత్వం పండితుల్ని కూచోబెట్టింది. 2011 పరీక్షలో కష్టమైన కాంజీల పక్కన చదివే పద్ధతి చిన్న అక్షరాల్లో ఇచ్చారు, వ్యాధుల పేర్లకి ఇంగ్లీషు చేర్చారు. 2013 నుంచి ఈ అభ్యర్థులకి ప్రతి కాంజీకీ చిన్న అక్షరాలు ఇచ్చి, సమయం కూడా పెంచారు.

ఆ చిన్న అక్షరాలేమిటో తెలుసా? హిరగానా! మురసాకి కాలంలో కొలువు విద్యకి పనికిరాదని పక్కన పెట్టిన ఆడవాళ్ల చేతిరాత. వెయ్యేళ్ల తరవాత, సముద్రం దాటి వచ్చిన ఆడపిల్లలకి, అదే రాత కాంజీల నెత్తిన దీపంలా కూచుని దారి చూపించింది.

దాంతో అందరూ పాసైపోయారని చెప్పను. చాలామంది పాసవకుండానే ఇళ్లకి వెళ్లారు. కాని ఒక పాఠం మాత్రం నేర్చుకున్నారు. 2014లో వియత్నాం నుంచి రప్పించేటప్పుడు, ముందు ఏడాదిపాటు అక్కడే భాష నేర్పి, ఎన్-3 పాసయ్యాకే ఓడ... కాదు, విమానం ఎక్కించారు. సంరక్షకుల పరీక్షలో వాళ్లు ముందు వచ్చినవాళ్లకన్నా చాలా ఎక్కువమంది నెగ్గారు. 2010లో కట్టిన కొత్త మెట్టు ఇలా పనికొచ్చింది. అమ్మాయిల తెలివిలో తేడా లేదు. ఎప్పుడు నేర్పారు, ఏది అడిగారు అన్నదాంట్లోనే తేడా.

2019లో కూలినాలి పనుల దగ్గర్నుంచి వృద్ధుల సంరక్షణ దాకా పద్నాలుగు రకాల పనులకి పరదేశుల్ని రానిస్తూ జపాను కొత్త వీసా తెచ్చింది. దానికి ఎన్-4 అయినా ఉండాలి, లేదా ఆ ఏడే కంప్యూటరు మీద కొత్తగా పెట్టిన ప్రాథమిక పరీక్ష అయినా నెగ్గాలి. సంరక్షణ పనికి వెళ్లేవాళ్లకి ఆ పనిలో వాడే భాషకి విడిగా ఇంకో పరీక్ష. 2021 జనవరిలో మన దేశం కూడా ఈ ఏర్పాటులో చేరింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగు చదివిన పిల్లలకి జపాను భాష నేర్పించి పంపే పనికి పూనుకుంది. అంటే ఇది ఇక ఎక్కడో ఇండోనీషియా పిల్లల కథ కాదు. కరీంనగరంలోనో నల్లగొండలోనో ఒక తల్లి, "మా అమ్మాయికి ఎన్-4 వచ్చిందండీ" అని పొరుగింటికి మిఠాయి పంచే రోజులొచ్చాయి.

ఆ తల్లికి రెండు మాటలు చెప్పాలనిపిస్తుంది. మొదటిది, ఆ కాగితానికి విలువ ఉంది. ఎవరి సిఫారసూ లేకుండా, ఎవరి దయా లేకుండా, చెయ్యెత్తి చూపించుకోగల కొలత అది. మధ్యతరగతి ఆడపిల్లకి అలాంటి కొలత దొరకడం తేలికైన సంగతి కాదు. రెండోది, ఆ కాగితం ఒక్క మెతుకు మాత్రమే. అమ్మాయి ఫెయిలైతే అన్నం అంతా పలుకని అనుకోకండి. పాసైతే అంతా ఉడికిపోయిందని కూడా అనుకోకండి. నలభై ఏళ్ల ఈ పరీక్ష చరిత్ర చెప్పేది అదే. పరీక్ష మనుషుల్ని కొలుస్తున్నంతకాలం, ఫెయిలైన మనుషులు కూడా పరీక్షని కొలుస్తూనే వచ్చారు. మెట్టు లేదంటే మెట్టు కట్టించారు, చీకటిగా ఉందంటే దీపం పెట్టించారు. ఇంకా కట్టవలసింది నోటికి మెట్టు.

ఎందుకంటే అసలు పరీక్ష మంచంపక్కన జరుగుతుంది. జపాను ముసలమ్మ నొప్పి చెప్పుకునేటప్పుడు వైద్య గ్రంథంలో మాటలు వాడదు. తలలో పోట్లు పొడుస్తుంటే "జుకిజుకి" అంటుంది. కడుపులో మెలిపెడితే "కిరికిరి". సూదులతో గుచ్చినట్టుంటే "చికుచికు". కాలి చర్మం మండుతుంటే "హిరిహిరి". ఇంగ్లీషువాడు వీటిని చూసి జుట్టు పీక్కుంటాడు. మన పిల్లకి మాత్రం ఇవి పరాయివిగా తోచవు. కణతలు టకటకా కొట్టుకుంటున్నాయని, కాలు జివ్వుజివ్వుమని లాగుతోందని, కడుపు చిమచిమలాడుతోందని చెప్పే మామ్మ దగ్గర పెరిగిన పిల్ల కదా! వినగానే చెయ్యి ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది. ఆ చెయ్యి వేసి, "ఎప్పట్నించి మామ్మా?" అని ఆ భాషలో ఆప్యాయంగా అడగటానికి ఏ తరగతిలోనూ మార్కులు లేవు. ముసలమ్మ కళ్లు ఎదురుచూసేది మాత్రం దానికోసమే.